‘అమార్టైజ్’ చేయడం అంటే అప్పును తీర్చడమా, చంపడమా?

కొత్తకలం

నమస్కారం. అప్పులిచ్చే ఒక సంస్థ కోసం ఫోను అప్లికేషన్‌లోని మాటలను తెలుగు చేస్తున్నాను. మూడు వందల పైచిలుకు మాటలు చకచకా సాగిపోయాయి. ఒక్క క్రియ దగ్గర మాత్రం బండి కూరుకుపోయింది: ‘అమార్టైజ్’.

ఒక తెర మీద ‘ఈ లోను 20 ఏళ్ళలో అమార్టైజ్ అవుతుంది’ అని ఉంది. అదే సంస్థ వార్షిక నివేదికలో ‘సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఖర్చును 5 ఏళ్ళలో అమార్టైజ్ చేస్తున్నాం’ అని ఉంది. మొదటిదానిలో అప్పుంది, తీరుతోంది, సరే. రెండోదానిలో అప్పన్న మాటే లేదు, లైసెన్సును డబ్బు పెట్టి కొనేశారు. మరి అక్కడ జరుగుతున్నది ఏమిటి? నిఘంటువు చూస్తే ‘రుణ విమోచనము’ అంటుంది. లైసెన్సుకు ఏ రుణం నుంచి విమోచనం?

దీనికి తోడు మా బృందంలో ఒకాయన ‘ఆ మాటలో చావు దాగి ఉంది’ అని చెప్పి తన దారిన వెళ్ళిపోయారు. ఎగతాళో నిజమో తెలియలేదు. రెండు అర్థాలనూ, వీలైతే ఆ చావు సంగతినీ ఎవరైనా విప్పి చెప్పగలరా?

లెక్కలపక్షి

ముందు అర్థాలు చూద్దాం. చావు సంగతి భాషవాళ్ళు చూసుకుంటారు.

అప్పు వైపు దీని అర్థం ఇది: ప్రతి వాయిదాలో వడ్డీతో పాటు అసలులోనూ కొంత కడుతూ, గడువు ముగిసే రోజుకు బాకీ సరిగ్గా సున్నా అయ్యేలా తీర్చడం. వాయిదాల్లో కట్టినంత మాత్రాన అమార్టైజ్ చేసినట్టు కాదు. నెలనెలా వడ్డీ మాత్రమే కట్టి, అసలంతా చివర ఒక్కసారిగా ఇచ్చేదీ వాయిదాల అప్పే. దానిలో అసలు ఆఖరి రోజు దాకా చెక్కుచెదరదు.

ఒక లెక్క వేద్దాం. లక్ష అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, అంటే నెలకు 1 శాతం, 12 సమాన వాయిదాలు. ఒక్కో వాయిదా 8,884.88 వస్తుంది. మొదటి నెల వడ్డీ 1,000, అసలు కిందకు పోయేది 7,884.88. రెండో నెల వడ్డీ మిగిలిన 92,115.12 మీదే కాబట్టి 921.15కు దిగుతుంది. అలా మిగిలిన 78.85 అసలు వైపు చేరుతుంది. చివరి నెలకు వచ్చేసరికి వడ్డీ 87.97 మాత్రమే. కట్టే మొత్తం మారదు, దాని లోపలి వాటాలే మారుతూ పోతాయి. ఆ వాటాలను నెలవారీగా చూపే పట్టికే అమార్టైజేషన్ షెడ్యూల్.

గడువు పొడిగిస్తే అసలు రంగు బయటపడుతుంది. అదే లక్షను 9 శాతానికి 20 ఏళ్ళకు తీసుకోండి. వాయిదా 899.73. మొదటి నెల అందులో 750 వడ్డీకే పోతుంది, అసలుకు దక్కేది 149.73. అసలు వాటా వడ్డీ వాటాను దాటేది 149వ వాయిదాలో. అసలులో సగం తీరేసరికి దాదాపు 14 ఏళ్ళు నిండుతాయి. ‘పదేళ్ళు కట్టేశాం కదా, సగం అప్పు పోయినట్టే’ అనుకుంటూ వచ్చేవారికి ఈ పట్టిక చూపించడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఆ క్షణంలో వాళ్ళు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూస్తారు.

ఇక లైసెన్సు వైపు. డబ్బు మొదటి రోజే వెళ్ళిపోయింది, కానీ ఉపయోగం ఐదేళ్ళు ఉంటుంది. మొత్తాన్ని మొదటి ఏడాదే ఖర్చు రాస్తే ఆ ఏడాది లాభం కుంగిపోతుంది, మిగతా నాలుగేళ్ళ లాభం ఉబ్బి కనిపిస్తుంది. అందుకని దాన్ని ఆస్తిగా పుస్తకంలో పెట్టి, ఏటా ఐదోవంతు ఖర్చు రాస్తూ సున్నాకు దింపుతారు. యంత్రాలకూ భవనాలకూ ఇదే పని చేస్తే ‘తరుగుదల’ అంటాం. పేటెంటు, కాపీరైటు, లైసెన్సు వంటి చేతికి తగలని ఆస్తులకు ‘అమార్టైజేషన్’ అంటాం. గనులు, చమురు బావుల నిల్వలకు ‘డిప్లీషన్’ అని వేరే మాట ఉంది. మూడూ ఒక తల్లి బిడ్డలే.

ఒక మొత్తం, ఒక గడువు, చివర సున్నా. ఈ వరకు మీ రెండు వాక్యాలకూ పోలిక ఉంది. అప్పులో నెలనెలా డబ్బు కదులుతుంది, ఆస్తిలో చిల్లిగవ్వ కదలదు, పుస్తకంలో అంకె ఒక్కటే కదులుతుంది. తేడా అదే.

మర్రినీడ

చావు సంగతి నేను చెబుతాను. ‘మోర్ట్’ అంటే చావు. ముందున్న ‘అ’ నిషేధార్థకం, అమృతంలోనూ అమరుడిలోనూ ఉన్నదే. అంటే అమార్టైజ్ అంటే చావు లేకుండా చేయడం! లెక్కలపక్షి గారి 20 ఏళ్ళ పట్టిక చూశాక, ఈ పేరు పెట్టినవాడు అప్పు చేసి అనుభవించినవాడే అనిపిస్తోంది.

పాతతాళం

మర్రినీడ గారూ, గట్టిగా నవ్వాను. కానీ మీ వ్యుత్పత్తిలో సగమే సరైనది. ‘మోర్ట్’ అంటే చావే. ఆ ‘అ’ మాత్రం నిషేధం కాదు, ‘వైపు, దాకా’ అనే అర్థమున్న లాటిన్ ‘అడ్’కు మిగిలిపోయిన తోక. పాత ఫ్రెంచిలో ‘అమోర్తీర్’ అంటే చంపడం, ఆర్పడం, మొద్దుబార్చడం. ఇంగ్లీషులోకి వచ్చింది ఆ క్రియే. కాబట్టి అర్థం మీరు చెప్పినదానికి సరిగ్గా ఎదురు: చావు దాకా తీసుకుపోవడం.

అయితే మీరు అమృతాన్ని తలచుకోవడం వృథా పోలేదు. సంస్కృతంలోని ‘మృత’, లాటిన్‌లోని ‘మోర్ట్’ ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చిన దాయాదులు. ఇంగ్లీషు ‘మర్డర్’ కూడా ఆ ఇంటిదే. అమృతానికి ఇంగ్లీషులో అసలైన జోడీ ‘ఇమ్మోర్టల్’. అమృతమూ అమార్టైజూ చూడటానికి కవలల్లా ఉన్నా, ఒకటి చావును కాదంటుంది, మరొకటి చావుకు దారి చూపిస్తుంది.

మర్రినీడ

ఒప్పుకున్నాను. అయినా నా వ్యుత్పత్తే అందంగా ఉంది.

కొత్తకలం

అంటే మా బృందంలోని ఆయన చెప్పింది నిజమే! పాతతాళం గారూ, మొదటినుంచీ ఇది అప్పును చంపడానికేనా? ‘మోర్ట్‌గేజ్’లోనూ ఇదే చావు ఉందా?

పాతతాళం

కాదు, మొదట చచ్చింది అప్పు కాదు, భూమి. ఇది కొంచెం పెద్ద కథ, ఓపిక పట్టండి.

14వ శతాబ్దం చివర ఇంగ్లీషులో ఈ క్రియకు ఉన్న అర్థం, భూమిని మఠానికో చర్చికో శాశ్వతంగా రాసివ్వడం. దాన్ని ‘చచ్చిన చేతిలో’ పెట్టడం అనేవారు. ‘మోర్ట్‌మెయిన్’ అనే న్యాయశాస్త్ర పదానికి అర్థం అదే, చచ్చిన చేయి. ఆ పేరెందుకంటే, ఆనాటి భూస్వామ్య వ్యవస్థలో భూమి మీద ప్రభువుకు వచ్చే ఆదాయంలో పెద్ద భాగం మనుషులు చావడం వల్లే వచ్చేది. తండ్రి పోయి కొడుకు వారసుడైతే ఒక రుసుము. కొడుకు మైనరైతే వాడు పెద్దయ్యేదాకా భూమి ఆదాయం ప్రభువుదే. వారసులు లేకపోతే భూమే తిరిగి వచ్చేది. చర్చికి చావు లేదు, వారసులు లేరు, మైనరు కొడుకులూ లేరు. ఒకసారి దాని చేతికి చేరిన భూమి మీద ఆ రుసుములన్నీ ఆగిపోయేవి. చచ్చినవాడి పిడికిలి విప్పలేం కదా, అలా అన్నమాట. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు దీన్ని అడ్డుకోవడానికి 1279లో ఒక చట్టం, 1290లో మరొకటి తెచ్చాడు.

ఫ్రాన్సులో రాజులు వేరే దారి పట్టారు. భూమి చర్చికి పోతే పోనీ, మేం నష్టపోయే రుసుములకు బదులుగా ఒక మొత్తం ముందే కట్టండి అన్నారు. ఆ సుంకం పేరులోనూ ఈ క్రియే ఉంది, ‘ద్రువా ద’మోర్తిస్మాఁ’. డబ్బు వైపు మలుపు ఇక్కడ కనిపిస్తుంది. ముందు ముందు రావలసిన బాకీలను ఒక లెక్క ప్రకారం ఆర్పేయడం. తర్వాత ఏటేటా ఇవ్వవలసిన కట్టుబడిని డబ్బిచ్చి రద్దు చేసుకోవడానికీ ఫ్రెంచివారు ఇదే మాట వాడారు. 1816లో ప్రభుత్వ రుణాన్ని తగ్గించడానికి వాళ్ళు పెట్టిన నిధి పేరు ‘కెస్ ద’మోర్తిస్మాఁ’. బ్రిటన్‌లో అలాంటి నిధిని 1717లో మంత్రి వాల్‌పోల్, మళ్ళీ 1786లో ప్రధాని పిట్ నడిపించారు. వారు దానికి పెట్టుకున్న పేరు ‘సింకింగ్ ఫండ్’. ఫ్రెంచివారు అప్పును చంపాలనుకున్నారు, బ్రిటిషువారు ముంచాలనుకున్నారు! ఇంగ్లీషులో అమార్టైజ్‌కు అప్పు తీర్చే అర్థం స్థిరపడింది 19వ శతాబ్దంలోనే.

మోర్ట్‌గేజ్‌లోనూ ఆ చావే ఉంది, ‘చచ్చిన తాకట్టు’. అయితే చచ్చింది ఎవరన్న దాని మీద ఇద్దరు న్యాయపండితులు రెండు మాటలు చెప్పారు. 12వ శతాబ్దం చివర గ్లాన్‌విల్ పేరు మీద వచ్చిన గ్రంథం ప్రకారం, తాకట్టు భూమి ఫలసాయం అప్పులోకి జమ అవుతుంటే అది బతికిన తాకట్టు. ఫలసాయాన్ని అప్పిచ్చినవాడు తినేస్తూ, అప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటే అది చచ్చిన తాకట్టు. 1628లో ఎడ్వర్డ్ కోక్ వేరే వివరణ ఇచ్చాడు. బాకీ కట్టకపోతే భూమి అప్పు తీసుకున్నవాడి పాలిట చచ్చినట్టే, కడితే తాకట్టు అప్పిచ్చినవాడి పాలిట చచ్చినట్టే. ఎక్కువ మంది పుస్తకాల్లో కనిపించేది కోక్ మాటే. నా మొగ్గు గ్లాన్‌విల్ వైపు. ఆ మాట పుట్టిన కాలానికి అతడు నాలుగు శతాబ్దాలు దగ్గర.

లెక్కలపక్షి

గ్లాన్‌విల్ వివరణ అద్భుతంగా ఉంది. ఆ లెక్కన, ఆదాయం అసలులోకి జమ అయ్యే ‘బతికిన తాకట్టు’ను మేం ఇప్పుడు ‘అమార్టైజింగ్’ అంటున్నాం, అంటే ‘చంపుతున్నది’ అని! అసలు కదలని అప్పును ఆయన ‘చచ్చింది’ అన్నాడు. పేర్లు తలకిందులయ్యాయి.

పాతతాళం

తలకిందులు కావడానికి దీన్ని మించిన ఉదాహరణ స్పెయిన్‌లో ఉంది. అక్కడ చర్చి చేతిలో గడ్డకట్టిన భూములను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని వేలం వేసింది. 1836లో మంత్రి మెండిసాబల్ దాన్ని పెద్దఎత్తున నడిపాడు, 1855లో మరో మంత్రి మదోస్ ఊరుమ్మడి భూములనూ అందులోకి లాగాడు. ఆ కార్యక్రమం పేరు ‘దెసమోర్తిసాసియోన్’, అంటే చంపినదాన్ని తిరిగి బతికించడం. భూమి మళ్ళీ కొనుగోళ్ళు, అమ్మకాల్లోకి వచ్చింది కదా. ఇంతకీ 1836లో ఎందుకు అమ్మారు? ప్రభుత్వ అప్పు తగ్గించడానికి. భూమి కొనేవారు సొమ్ముకు బదులు ప్రభుత్వ రుణపత్రాలే ఇవ్వవచ్చని కూడా అన్నారు. అంటే అప్పును ‘అమోర్తిసార్’ చేయడానికి భూమిని ‘దెసమోర్తిసార్’ చేశారు. ఒకదాన్ని చంపడానికి మరొకదాన్ని బతికించారు, రెండింటికీ క్రియ ఒక్కటే.

గేరుమార్పు

లెక్కలు నాకు తెలియవు. కార్ల మరమ్మతు నా పని, కొన్నేళ్ళు ఫ్రెంచి మాట్లాడేచోట చేశాను. అక్కడ ‘అమోర్తిసర్’ అంటే షాక్ అబ్జార్బర్! గుంతలో పడ్డ కుదుపును చంపేది. ఒక బిల్లు మీద ‘అమోర్తిసర్ రెండు’ అని చూసి, బండి మీద అప్పేదో మిగిలి ఉందనుకున్న తోటి ఉద్యోగి ఒకరు ఉన్నారు (పేరు చెప్పను, అద్దంలో కనిపిస్తాడు).

పాతతాళం

సరైన ఉదాహరణ. ఇటాలియన్‌లోనూ అంతే, షాక్ అబ్జార్బర్ ‘అమ్మోర్తిజ్జతోరే’. ఉద్యోగం పోయినవారికి ప్రభుత్వం ఇచ్చే భృతి వంటి పథకాలను వాళ్ళు ‘సామాజిక అమ్మోర్తిజ్జతోరీ’ అంటారు, జీవితపు కుదుపులను తగ్గించేవి అని. టెన్నిస్‌లో బంతిని వల పక్కనే మెత్తగా పడేసే దెబ్బ ఫ్రెంచిలో ‘అమోర్తి’. వేగాన్ని చంపడం అన్నమాట.

లెక్కలపక్షి

గేరుమార్పు గారు తనకు లెక్కలు తెలియవంటూనే నాకు చెప్పడం చేతకానిదాన్ని చెప్పేశారు. లైసెన్సు ఖర్చుకు జరిగేది సరిగ్గా అదే. పెద్ద ఖర్చనే గుంతలో బండి ఒక్కసారిగా పడకుండా ఐదేళ్ళ మీదకు ఆ కుదుపును పంచుతాం. కొత్తకలం గారూ, మీ రెండో వాక్యానికి రుణ విమోచనం కన్నా షాక్ అబ్జార్బరే దగ్గరి చుట్టం.

కొత్తకలం

ఇప్పుడు వెలిగింది! కానీ ఆ పంపకానికి గడువు ఎవరు పెడతారు? ఐదేళ్ళే ఎందుకు, యాభై ఎందుకు కాదు?

బంతిబుర్ర

దీనికి నా దగ్గర మంచి ఉదాహరణ ఉంది. ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాడిని కొన్న రుసుమును ఒప్పందం ఉన్నన్ని ఏళ్ళ మీద అమార్టైజ్ చేస్తాయి. లెక్కల్లో ఆటగాడి మీద హక్కు కూడా చేతికి తగలని ఆస్తే (కాలికి తగిలినా సరే).

2023 జనవరిలో చెల్సీ క్లబ్బు ఎన్జో ఫెర్నాండెజ్‌ను దాదాపు 12 కోట్ల 10 లక్షల యూరోలకు కొంది. ఒప్పందం ఎనిమిదిన్నర ఏళ్ళు. అంటే ఏడాదికి ఖర్చు కింద పడేది సుమారు 1 కోటి 42 లక్షలు. అదే ఐదేళ్ళ ఒప్పందమైతే 2 కోట్ల 42 లక్షలు పడేది. ఖర్చు, ఆదాయాలు అదుపులో ఉండాలని నిబంధనలున్న ఆటలో ఇది చిన్న వెసులుబాటు కాదు. ముద్రిక్ అనే ఆటగాడికీ ఆ నెలలోనే అంతే పొడవు ఒప్పందం రాశారు. ఆ ఏడాదే యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుఈఎఫ్ఏ, ఒప్పందం ఎంత పొడవున్నా తన లెక్కల్లో ఐదేళ్ళకు మించి పంచడానికి వీల్లేదని గీత గీసింది. అంతకుముందు కొన్నవాళ్ళకు అది వర్తించదు.

లెక్కలపక్షి

మంచి ఉదాహరణ. మామూలు సూత్రం ఏమిటంటే, ఆస్తి ఎన్నేళ్ళు పనికొస్తుందో అన్నేళ్ళు, చట్టమో ఒప్పందమో ఇచ్చిన గడువు అంతకన్నా తక్కువైతే ఆ గడువే. పేటెంటుకు సాధారణంగా 20 ఏళ్ళు రక్షణ ఉంటుంది. అయితే ఏడేళ్ళలో పాతబడే సాంకేతికత అయితే ఏడేళ్ళే. ఆయుర్దాయం ఇదీ అని చెప్పలేని ఆస్తిని అసలు అమార్టైజ్ చేయరు, ఏటా పరీక్షించి విలువ పడిపోయిందా అని చూస్తారు.

గుడ్‌విల్ (ఒక సంస్థను కొన్నప్పుడు దాని ఆస్తుల విలువకు మించి ఇచ్చిన సొమ్ము) కథ ఇలాంటిదే. అమెరికాలో ఒకప్పుడు దాన్ని 40 ఏళ్ళ దాకా పంచేవారు. 2001లో నిబంధన మార్చి, ఆ పద్ధతి ఆపేశారు. అంతర్జాతీయ ప్రమాణాలు 2004లో అదే దారి పట్టాయి. మళ్ళీ మొదలుపెట్టాలా అని మా రంగంలో ఎడతెగని వాదన. ఆ వాదన ఇక్కడ మొదలైతే కొత్తకలం గారి అప్లికేషన్ ఈ జన్మలో విడుదల కాదు, వదిలేద్దాం.



నుడికారి

అందరూ లాటిన్ దాకా, స్పెయిన్ దాకా వెళ్ళివచ్చారు. పెరట్లో ఉన్నదాన్ని ఎవరూ చూడలేదు. మన ‘చెల్లు’ క్రియను తీసుకోండి. అప్పు చెల్లింది. సొమ్ము చెల్లించాను. ఈ నాణెం చెల్లదు. నీకూ నాకూ చెల్లుకు చెల్లు. కాలం చెల్లిన చట్టం. చివరికి ‘వాడికి భూమ్మీద నూకలు చెల్లాయి’, అంటే మనిషి పోయాడని. ‘తీరు’ కూడా అంతే. అప్పు తీరింది, ఆయువు తీరింది. ‘ఋణం తీరిపోయింది’ అన్న మాటను బ్యాంకులోనూ అంటాం, పాడె దగ్గరా అంటాం. అప్పును చావుతో ముడిపెట్టడానికి మనకు ఫ్రెంచివారి అరువు అక్కరలేదు.

పాతతాళం

నుడికారి గారూ, ఉదాహరణలన్నీ బంగారం. తీర్పుతో మాత్రం ఏకీభవించలేను. ‘చెల్లు’లో మూలార్థం చావు కాదు, వెళ్ళడం. తమిళంలో ‘సెల్’ అంటే వెళ్ళు, ‘సెలవు’ అంటే ఖర్చు, ‘సెలుత్తు’ అంటే చెల్లించు. మన సెలవూ ఆ కుటుంబానిదే, పాత తెలుగులో దానికి ఖర్చనే అర్థమూ ఉంది. నాణెం చేతి నుంచి చేతికి వెళితే చెల్లుతోంది అన్నాం. వెళ్ళి వెళ్ళి ఇక ఏమీ మిగలకపోతే చెల్లిపోయింది అన్నాం. నూకలూ అలాగే చెల్లాయి. చావు అక్కడ ఒక సందర్భం మాత్రమే.

లాటిన్ మాటలో చావు ముందు, అప్పు తర్వాత. అక్కడ అప్పు ఒక ప్రాణి, దాన్ని ఎవరో చంపాలి. తెలుగులో అప్పూ ఆయువూ పక్కపక్కన నిలబడ్డ రెండు కొలతలు, రెండూ అయిపోతాయి. ఒకటి మరొకదానికి ఉపమానం కాదు.

నుడికారి

కొలత అన్న మాట నచ్చింది. ఓడిపోయానని మాత్రం రాయను.

లెక్కలపక్షి

మీ ఇద్దరి మధ్యకు ఒక పనిముట్టు తెస్తాను. ప్రామిసరీ నోటు మీద అప్పు తీసుకున్నవారు కొంత సొమ్ము కట్టినప్పుడల్లా, నోటు వెనుక తేదీ, మొత్తం రాయించి సంతకం పెట్టించుకుంటారు. దాన్ని ‘చెల్లు వేయడం’ అంటారు. ఆ సొమ్ము వడ్డీ కింద చెల్లా, అసలు కింద చెల్లా అన్నది అక్కడే తేలాలి. వెనుక పేజీ నిండా చెల్లులున్న పాత నోటు ఒకటి చూశాను. ఏడెనిమిది రకాల సిరాలు, ఒక్కో చెల్లుకూ ఒక్కో చేతిరాత, అన్నింటికీ అడ్డంగా ఒక గీత. నా దృష్టిలో అమార్టైజేషన్ షెడ్యూల్ అంటే అదే. తేడా ఏమిటంటే షెడ్యూల్‌లో చెల్లులన్నీ మొదటి రోజే రాసేస్తారు.

నిదానం

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఒక ప్రశ్న: కట్టే వాయిదా వడ్డీకి కూడా చాలకపోతే?

లెక్కలపక్షి

దాని పేరు నెగటివ్ అమార్టైజేషన్. నెలకు 1 శాతం మీద లక్ష అప్పులో నెలకు 800 మాత్రమే కడితే, తగ్గిన 200 అసలుకు చేరుతుంది. తర్వాతి నెల దాని మీదా వడ్డీ. ఏడాది తిరిగేసరికి 9,600 కట్టి కూడా బాకీ 1,02,536 అవుతుంది. 2000ల మధ్యలో అమెరికాలో ఎంత కట్టాలో మీరే ఎంచుకోండి అంటూ ఇలాంటి ఇంటి అప్పులు జోరుగా ఇచ్చారు. కనీస మొత్తం మాత్రమే కట్టినవారు చాలామంది ఏటేటా ఎక్కువ బాకీ పడ్డారు.

మర్రినీడ

చూశారా! చావు లేకుండా చేయడం! నా వ్యుత్పత్తికి కనీసం ‘నెగటివ్’ శాఖలో చోటివ్వండి.

పాతతాళం

ఇచ్చాం.

నిదానం గారి ప్రశ్నకు పాత కోణం ఒకటి. 1930లకు ముందు అమెరికాలో చాలా ఇంటి అప్పులు మూడు నుంచి పదేళ్ళ గడువుకే ఉండేవి. ఎక్కువ వాటిలో వడ్డీ మాత్రం కడుతూ, గడువు రాగానే అసలుకు కొత్త అప్పు రాయించుకునేవారు. మహా మాంద్యం వచ్చి బ్యాంకులు తిరగరాయడం మానేసేసరికి ఇళ్ళు పోయాయి. 1933లో ప్రభుత్వం పెట్టిన సంస్థ ఒకటి అలాంటి అప్పులను కొని, 15 ఏళ్ళలో అసలుతో సహా తీరేలా మార్చింది. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ పూచీతో ఆ పద్ధతి మామూలైపోయింది. ఇంటి అప్పు అంటే నెలనెలా ఒకే వాయిదా అని ఇప్పుడు అందరూ అనుకోవడానికి వెనుక ఆ దెబ్బ ఉంది.

కొత్తకలం

అందరికీ ధన్యవాదాలు. ఇక నా పనికి వస్తాను. ‘రుణ విమోచన పట్టిక’ అని రాసి మా ఇంట్లో ఇద్దరికి చూపించాను. ఇద్దరూ ‘అప్పు మాఫీ చేస్తున్నారా?’ అని అడిగారు. అప్పులిచ్చే సంస్థ తెర మీద అలాంటి ఆశ పుట్టించకూడదు కదా, అందుకని విమోచన కొట్టేశాను.

ఇప్పటికి అనుకున్నవి: లోను దగ్గర ‘అప్పు తీరే క్రమం’. దాని కింద నిలువు వరుసలకు ‘వాయిదా’, ‘వడ్డీ కింద’, ‘అసలు కింద’, ‘మిగిలిన అసలు’. నివేదికలో లైసెన్సు దగ్గర ‘ఖర్చును 5 ఏళ్ళకు పంచి రాస్తున్నాం’. ఒకే ఇంగ్లీషు క్రియకు రెండు తెలుగు మాటలు పెట్టడం తప్పా?

లెక్కలపక్షి

తప్పు కాదు, అదే ఒప్పు. పట్టికలో ‘వడ్డీ కింద’, ‘అసలు కింద’ చూసి ప్రాణం లేచివచ్చింది. నివేదికలో మాత్రం తరుగుదల పక్కనే ఇది వస్తుంది, రెండూ కలిసిపోకుండా ‘కంటికి కనిపించని ఆస్తుల ఖర్చు’ అని శీర్షికలో స్పష్టం చేయండి.

నుడికారి

‘తీరే’ కాదు, ‘తీర్చే’ అనండి. అమార్టైజ్ సకర్మక క్రియ. చంపేవాడు ఒకడుండాలి.

పాతతాళం

వాక్యం చూడండి, ‘లోను అమార్టైజ్ అవుతుంది’ అని ఉంది. అక్కడ కర్త లోనే. ‘తీరే’ చాలు.

కొత్తకలం

తెరకు పైన ‘మీరు అప్పు తీర్చే క్రమం’ అని పెడితే స్థలం చాలడం లేదు, ‘మీరు’ తీసేస్తే ఎవరు తీరుస్తారో తెలియడం లేదు. ప్రస్తుతానికి ‘తీరే’ అని పంపాను. పరిశీలించే ఆయన వెనక్కి పంపారు. పక్కన ఒక్క ప్రశ్న రాశారు: ‘తనంతట తానేనా?’